ట్యాంకులో ఐదో వంతు

పెట్రోల్ బంకులో పది లీటర్లు కొట్టిస్తే అందులో రెండు లీటర్లు పెట్రోలు కాదు. చెరకు మొలాసిస్ నుంచో, మొక్కజొన్న నుంచో, బియ్యపు నూకల నుంచో తీసిన ఇథనాల్ అది. దాన్నే ఈ20 అంటున్నారు. బండి యజమానుల్లో చాలామంది ఈ పేరు విన్నది 2025లోనే. వినగానే మెకానిక్ షెడ్ల దగ్గర ప్రశ్నలు మొదలయ్యాయి. మైలేజీ పడిపోయిందేమిటి, పాత బండి ఇంజన్ పాడవుతుందా, ట్యాంకులో నీళ్లు చేరతాయా అని. వాట్సాప్‌లో వచ్చిన సమాధానాల్లో సగం భయపెట్టేవి, సగం ఏ ఇబ్బందీ లేదని తేల్చేసేవి. రెంటిలోనూ కొంత నిజముంది. ఎంత ఉందో తెలియాలంటే ఇంజన్ లోపల జరిగేది చూడాలి.

ఇథనాల్ కలపడం నిన్న మొన్నటి సంగతి కాదు. 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం కలపడంతో ఈ కార్యక్రమం మొదలైంది. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే చాలా ఏళ్లు అది కాగితం మీదే ఎక్కువ నడిచింది. 2014 నాటికి దేశం మొత్తం మీద కలిసింది ఒకటిన్నర శాతమే. 2018 జాతీయ జీవ ఇంధన విధానం తర్వాత వేగం పెరిగి, 2022 జూన్‌లో 10 శాతం దాటింది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ఈ20 అమ్మకం ప్రారంభించారు. 2030కి చేరాలనుకున్న 20 శాతానికి 2025లోనే చేరాం. బంకులు మూడేళ్లలో మారిపోయాయి. రోడ్డు మీద బండ్లు అంత త్వరగా మారవు. మనవాళ్లు కారును పదేళ్లు, పదిహేనేళ్లు వాడతారు, బైకునైతే తండ్రి నుంచి కొడుక్కి ఇస్తారు. ఇప్పటి ఇబ్బందులన్నీ ఆ తేడాలోంచి వచ్చినవే.

ముందు మైలేజీ సంగతి. పెట్రోలు అంటే కార్బన్, హైడ్రోజన్ తప్ప మరోటి లేని అణువుల మిశ్రమం. ఇథనాల్ అణువులో రెండు కార్బన్‌లు, ఆరు హైడ్రోజన్‌లతో పాటు ఒక ఆక్సిజన్ కూడా ఉంటుంది. బరువులో మూడో వంతుకు పైగా ఆ ఆక్సిజనే. కాలడమంటే ఆక్సిజన్‌తో కలవడమే కాబట్టి, ఇథనాల్ ఒక రకంగా కొంత కాలి ఆరిన కట్టెలాంటిది. మళ్లీ మండుతుంది గానీ అసలు కాలని కట్టెకు ఉన్నంత సత్తువ అందులో మిగిలి ఉండదు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 32 మెగాజౌళ్ల శక్తి వస్తుంది, లీటరు ఇథనాల్ కాలితే 21. అంటే మూడింట రెండు వంతులే.

ఈ లెక్కను ఈ20కి వేసి చూద్దాం. ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే లీటరుకు దాదాపు 7 శాతం శక్తి తక్కువ. 10 శాతం కలిపిన ఈ10తో పోలిస్తే మూడున్నర శాతం తక్కువ. జనం వాదించుకునేటప్పుడు ఈ రెండు అంకెలూ కలగాపులగం అవుతున్నాయి. 2022 నుంచి మనం వాడింది ఈ10 గనక, ఈ మధ్య వచ్చిన మార్పు వల్ల తగ్గేది మూడున్నర శాతం దరిదాపుల్లోనే ఉండాలి. నీతి ఆయోగ్, పెట్రోలియం శాఖ కలిసి 2021 జూన్‌లో వేసిన నివేదిక కూడా దీనికి దగ్గరగానే చెప్పింది. ఈ0కి తయారై, ఈ10కి సరిచేసిన కార్లలో ఈ20 వాడితే ఇంధన సామర్థ్యం 6 నుంచి 7 శాతం, అలాంటి ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం తగ్గుతుందని, ఈ10కి తయారై ఈ20కి సరిచేసిన కార్లలో తగ్గుదల 1, 2 శాతానికి మించదని అంచనా వేసింది.

లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారు ఇప్పుడు పదిహేనున్నరకు కాస్త అటూ ఇటూగా ఇస్తుందన్నమాట. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి అదనంగా పట్టేది రెండు లీటర్ల పైచిలుకు. లీటరు 107 రూపాయల లెక్కన 240 రూపాయలకు అటూ ఇటూ. ఈ మొత్తం చూసి కారున్నవాళ్లు పెద్దగా బాధపడకపోవచ్చు. కానీ రోజుకు వంద కిలోమీటర్లు బైకు నడిపి అన్నం పొట్లాలు అందించే కుర్రాడికి కూడా నెలకు దాదాపు అంతే భారం పడుతుంది. అతని సంపాదనలో అది చిన్న మొత్తం కాదు.

మైలేజీ 15, 20 శాతం పడిపోయిందనేవాళ్లూ ఉన్నారు. అంత తేడా ఒక్క ఇథనాల్ వల్ల రాదు. లీటరులో ఉన్న శక్తి అంత తగ్గనప్పుడు బండి మాత్రం అంత ఎక్కువ తాగడానికి మరో కారణం ఉండి తీరాలి. ఫిల్టరు పూడిపోయి ఉండవచ్చు, ఆక్సిజన్ సెన్సర్ ముసలిదై ఉండవచ్చు, టైర్లలో గాలి తక్కువై ఉండవచ్చు, ఏసీ వాడకం పెరిగి ఉండవచ్చు. డ్యాష్‌బోర్డు చూపే అంకెను నమ్మకుండా, ట్యాంకు నాజిల్ ఆగేదాకా నింపి, తిరిగిన కిలోమీటర్లు రాసుకుని, మళ్లీ అదే బంకులో అలాగే నింపి చూడాలి. ఇలా నాలుగైదు సార్లు చేస్తేగాని సరైన సగటు తేలదు. అప్పటికీ 10 శాతానికి మించి తగ్గిందంటే బండిని మెకానిక్‌కు చూపించాల్సిందే.

ఇథనాల్ తనతోపాటే ఆక్సిజన్ తెచ్చుకోవడం వల్ల మరో చిక్కు ఉంది. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఈ10కి ఆ అంకె 14.1, ఈ20కి 13.5. అంటే ఇంజన్ లోపలికి పీల్చిన గాలి అంతే ఉన్నా, దానికి తగ్గట్టు కాస్త ఎక్కువ ఇంధనం చిమ్మాలి. చిమ్మకపోతే మిశ్రమంలో గాలి ఎక్కువై, ఇంధనం పలచబడుతుంది. బండి ఊపందుకోదు, మిస్సింగ్ వస్తుంది, ఇంజన్ వేడెక్కుతుంది.

2000 తర్వాత మన రోడ్ల మీదికి వచ్చిన ఇంజెక్షన్ కార్లు ఈ పని వాటంతటవే చేసుకుంటాయి. సైలెన్సర్ గొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సర్ పొగలో కాలకుండా మిగిలిన ఆక్సిజన్ ఎంతో క్షణక్షణం కంప్యూటర్‌కు చెబుతుంది. మిగులు ఎక్కువైతే కంప్యూటర్ ఇంజెక్టర్లను మరో అర మిల్లీసెకను కన్నా తక్కువ సేపు అదనంగా తెరిచి ఉంచుతుంది. ఈ సవరణను ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌లో స్కానర్ పెట్టే మెకానిక్‌ను అడిగితే ఆ అంకెను చూపిస్తాడు. ఈ10 నుంచి ఈ20కి మారినప్పుడు అక్కడ నాలుగైదు శాతం పెరుగుదల కనిపించడం సహజం. సాధారణంగా 25 శాతం వరకూ సర్దుకునే వీలు కంప్యూటర్‌కు ఉంటుంది. అందుకే ఒక్క ఇథనాల్ కారణంగా ఇంజన్ లైటు వెలగదు. కాకపోతే గాలి ఎక్కడో లీకై, ఇంజెక్టర్ సగం మూసుకుపోయి, ఇప్పటికే 20 శాతం దాకా సర్దుకుంటున్న బండిలో ఈ కొసరు కలిస్తే హద్దు దాటి లైటు వెలుగుతుంది. అప్పుడు యజమాని ఇథనాల్‌ను తిడతాడు, అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది.

కార్బురేటర్ బండికి ఇలా సర్దుకునే తెలివి లేదు. జెట్ రంధ్రం ఎంతుంటే అంతే ఇంధనం వెళ్తుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చేదాకా మన బైకులు, స్కూటర్లలో అత్యధికం ఇలాంటివే. పాత మారుతి 800, అంబాసిడర్ సరేసరి. ఈ బండ్లలో ఈ20 వాడితే పొద్దున్నే చోక్ వేసి ఎక్కువసేపు కిక్కు కొట్టాల్సి రావడం, ఎత్తు ఎక్కేటప్పుడు బిగుసుకున్నట్టుండడం మెకానిక్‌లు చెబుతున్న మాటే. మిశ్రమం స్క్రూ తిప్పి కొంత, ఒక సైజు పెద్ద జెట్ వేసి మరికొంత సరిచేయవచ్చు. ఖర్చు తక్కువే. చేయించుకోవాలని వాళ్లకు చెప్పినవాళ్లే లేరు.

ఇథనాల్‌కు ఒక గొప్ప గుణం ఉంది, అది చెప్పకపోతే అన్యాయమవుతుంది. పెట్రోలు ఆవిరిని సిలిండర్‌లో గట్టిగా నొక్కితే స్పార్క్‌తో పుట్టిన మంట చేరకముందే తనంతట తాను అంటుకుని ఇంజన్ టకటకలాడుతుంది. దాన్నే నాకింగ్ అంటాం. దాన్ని తట్టుకునే శక్తికి కొలత ఆక్టేన్. మన మామూలు బీఎస్6 పెట్రోలు ఆక్టేన్ 91, ఈ20ది 95. పైగా ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కన్నా రెండింతలకు పైగా వేడిని లాగేసుకుని లోపలి మిశ్రమాన్ని చల్లబరుస్తుంది. ఈ రెండు గుణాలనూ వాడుకునేలా కంప్రెషన్ పెంచి, స్పార్క్‌ను ముందుకు జరిపి కొత్త ఇంజన్ తయారుచేస్తే పోగొట్టుకున్న మైలేజీలో మంచి భాగం తిరిగి వస్తుంది. టర్బో ఇంజన్లకు ఇది మరీ మేలు. మీ 2012 నాటి కారులో కంప్రెషన్ అప్పుడే బిగించేశారు గనక, దానికి ఈ మేలు అందేది నామమాత్రం. పాత బండికి నష్టం వెంటనే అందింది, లాభం మాత్రం ఇంకా షోరూములోనే ఉంది.

ఇక రబ్బరు, లోహం. నిజంగా జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. సహజ రబ్బరు, కొన్ని రకాల నైట్రైల్ రబ్బరు, బెండు గ్యాస్కెట్లు ఇథనాల్‌లో నానితే ఉబ్బుతాయి. ఆరితే బిరుసెక్కి పగుళ్లిస్తాయి. పాత బైకు కార్బురేటర్ విప్పి ఫ్లోట్ గిన్నె కింది ఓ-రింగ్‌ను పట్టుకు చూస్తే తెలుస్తుంది: కొత్తదాని కన్నా లావెక్కి, గాడిలో మళ్లీ కూర్చోనంటుంది. ఇంధన గొట్టాన్ని రెండు వేళ్లతో వంచితే పైన సన్నటి గీతల్లా పగుళ్లు కనిపిస్తాయి. అక్కడినుంచి పెట్రోలు చెమ్మ కారడం మొదలైతే, కింద వేడి ఇంజన్ ఉంటుంది. మైలేజీ లెక్కల కన్నా ఈ లీకుల భయమే పెద్దది.

లోహాల కథ వేరు. పెట్రోలులో విద్యుత్తు పారదు. ఇథనాల్‌లో, అందులోనూ కాస్త నీటి చెమ్మ చేరితే, కొద్దిగా పారుతుంది. రెండు వేర్వేరు లోహాలు తాకిన చోట తుప్పు పట్టడానికి ఆ కొద్దీ చాలు. జింకు పోత పోసిన కార్బురేటర్లు, ఇత్తడి జెట్లు, సీసం పూత ఉన్న పాత ట్యాంకులు దీనికి ముందు దొరికేవి. కొత్త కార్లలో ట్యాంకు ప్లాస్టిక్‌ది, గొట్టాలు ఫ్లోరిన్ కలిపిన రబ్బరువి, పంపులో రాగి బదులు కార్బన్. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్ల విడిభాగాలు ఈ20ని తట్టుకునేవే అయి ఉండాలన్నది నిబంధన. 2025 ఏప్రిల్ నుంచి ఇంజన్ కూడా ఈ20కే సరిచేసి రావాలి. 2023 ఏప్రిల్‌కు ముందు కొన్న బండికైతే యజమానుల పుస్తకంలో ఇంధనం పేజీ తెరవండి. చాలావాటిలో ఈ10 వరకే అని అచ్చయి ఉంటుంది. పాత వాహనాల్లో కొన్నింటికి 20 నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. అది పెద్ద ఖర్చు కాదని, మామూలు సర్వీసింగ్‌లోనే అయిపోతుందని కూడా అంది. ఊళ్లో ఒకే బైకు మీద బతుకు నడిపే మనిషికి చిన్న ఖర్చూ ఖర్చే.

మరొక సంగతి: ఇథనాల్ మంచి కడిగే ద్రావకం. పాత ట్యాంకు గోడలకు ఏళ్ల తరబడి పట్టిన జిగురును వదిలించి ఫిల్టర్‌లోకి తోస్తుంది. ఈ20 మొదలెట్టిన కొత్తలో బండి ఆగి ఆగి నడిస్తే ముందు ఫిల్టరు మార్పించండి. ఎక్కువసార్లు దాంతోనే తీరిపోతుంది.

నీళ్ల భయం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇథనాల్ నీటిని ఇష్టపడుతుంది, పెట్రోలు ఇష్టపడదు. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ప్రయోగశాలల్లో ఒక గాజు కొలపాత్రతో చూపిస్తారు. వంద మిల్లీలీటర్ల ఈ20లో పది మిల్లీలీటర్ల నీళ్లు పోసి బాగా కుదిపి నిలబెడితే కాసేపటికి రెండు పొరలు తేలతాయి. కింది పొర పది మిల్లీలీటర్లు ఉండదు, దాదాపు ముప్పై ఉంటుంది. నీళ్లు పెట్రోలులోని ఇథనాల్‌ను తమవైపు లాగేసుకున్నాయన్నమాట. పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్ పడిపోతుంది, కింది నీళ్ల ఇథనాల్ ఇంజన్‌లో సరిగా మండదు. ట్యాంకులో పంపు లాగేది అడుగు నుంచి గనక ముందుగా ఇంజన్‌కు చేరేది ఆ కింది పొరే. ఈ ప్రయోగం ఇంట్లో చేయకండి. పెట్రోలు ఆవిరికి వంటింటి మంట ఎంత దూరంలో ఉన్నా దగ్గరే.

అయితే ఇలా విడిపోవడానికి గాలిలోని తేమ చాలదు. ఈ10 కూడా అర శాతం దాకా నీటిని కలుపుకుని మామూలుగానే ఉంటుంది, ఈ20 అంతకన్నా ఎక్కువ ఓర్చుకుంటుంది. నలభై లీటర్ల ట్యాంకులో అర శాతమంటే ఒక గ్లాసు నీళ్లు. మూత బిగించిన ఇప్పటి కారు ట్యాంకులోకి విశాఖ ఉప్పుగాలి నుంచైనా అంత నీరు చేరాలంటే చాలా కాలం పడుతుంది. రోజూ తిరిగే బండికి ఈ భయం అక్కర్లేదు. యజమానులు అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్తే, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆరేడు నెలలు కదలకుండా ఉండే కార్లున్నాయి కదా, వాటికి జాగ్రత్త కావాలి. ట్యాంకు నిండుగా ఉంచితే లోపల తేమగాలికి చోటుండదు. వారానికోసారి పది కిలోమీటర్లు తిప్పితే ఇంకా మంచిది. కార్బురేటర్ బైకునైతే పెట్టేముందు గిన్నెలోని పెట్రోలు వదిలేయాలి.

అసలు ప్రమాదం ద్రవరూపంలో వచ్చే నీళ్లతోనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలా మునిగిన బండి ట్యాంకును పూర్తిగా దించి, కడిగి ఆరబెట్టకుండా స్టార్ట్ చేయకూడదు. బంకుల భూగర్భ ట్యాంకులదీ ఇదే కథ. ఒకప్పుడు వానకు లోపలికి దిగిన నీరు అడుగున విడిగా ఉండేది, కొలకర్రకు పేస్టు రాసి ముంచితే రంగు మారి తెలిసిపోయేది. ఇప్పుడు నీరు ఇథనాల్‌ను కలుపుకుని ఉంటుంది కాబట్టి అందుకు తగిన ప్రత్యేక పేస్టే వాడాలి. పెద్ద వాన కురిసిన మర్నాడు ఒకే బంకులో కొట్టించుకున్న నాలుగైదు బండ్లు ఆగిపోయాయంటే అనుమానించాల్సింది బంకు ట్యాంకునే. బిల్లు దాచుకోండి. సాంద్రత కొలిచి చూపమని అడిగే హక్కు కొనేవాడికి ఉంది.

పొగ విషయంలో ఇథనాల్ మేలే చేస్తుంది. ఈ20తో కార్బన్ మోనాక్సైడ్ ద్విచక్ర వాహనాల్లో సగం, కార్లలో 30 శాతం తగ్గిందని అదే నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. నైట్రోజన్ ఆక్సైడ్లలో స్పష్టమైన తేడా లేదు. అసిటాల్డిహైడ్ అనే వాయువు మాత్రం కొంచెం పెరుగుతుంది. ముడిచమురు దిగుమతుల్లో పదేళ్లలో 1.4 లక్షల కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకం మిగిలిందన్నది పెట్రోలియం శాఖ లెక్క. ఆ డబ్బులో కొంతైనా చెరకు, మొక్కజొన్న రైతుకు చేరింది. మరోవైపు నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2024 నవంబరులో జనం రోడ్డెక్కారు. నీళ్లు, గాలి, పొలాల గురించి వాళ్లు వేసిన ప్రశ్నలకు విడిగా ఒక వ్యాసం కావాలి.

నాకు అభ్యంతరం ఇథనాల్ మీద కాదు, దాన్ని మన ట్యాంకులోకి తెచ్చిన తీరు మీద. బ్రిటన్ 2021 సెప్టెంబరులో మామూలు పెట్రోలును ఈ10కి మార్చినప్పుడు, సూపర్ గ్రేడ్ పెట్రోలును ఈ5గానే ఉంచింది. తమ బండికి ఈ10 సరిపోతుందో లేదో చూసుకోవడానికి యజమానుల కోసం ప్రభుత్వమే వెబ్‌సైట్ పెట్టింది. అమెరికాలో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు రోజూ కొట్టించుకునేది ఈ10నే, కానీ అక్కడ చాలా రాష్ట్రాల్లో పంపు మీద ఆ మాట రాసి ఉంటుంది. 15 శాతం కలిపినదైతే 2001 తర్వాతి కార్లకే వాడాలని, ఇతర వాహనాల్లో, పడవల్లో పోయకూడదని స్టిక్కర్ హెచ్చరిస్తుంది. ఇక్కడ ఇథనాల్ లేని పెట్రోలు ఎంచుకునే వీలు కల్పించాలని, పంపు మీద వివరం రాయాలని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. న్యాయస్థానం కాదన్నంత మాత్రాన ఆ అవసరం తీరిపోలేదు. ఈ10 వరకే అని పుస్తకంలో రాసి అమ్మిన బండ్లు ఇంకా కోట్లలో తిరుగుతున్నాయి. కొన్నేళ్లపాటైనా ప్రతి పట్టణంలో కొన్ని బంకుల్లో ఈ10 దొరకాలి.

ఇథనాల్‌తో అందరికన్నా ఎక్కువ అనుభవం బ్రెజిల్‌ది. 1975లో మొదలుపెట్టి, 1979లో పూర్తిగా ఇథనాల్‌తోనే నడిచే కారు తెచ్చింది. చలికి స్టార్ట్ కాదని ఆ కార్లలో ఒక చిన్న పెట్రోలు ట్యాంకు కూడా అమర్చేవారు. పదేళ్లు తిరిగేసరికి చక్కెర ధర పెరిగి మిల్లులు అటు మళ్లడంతో బంకుల్లో ఇథనాల్ దొరక్క జనానికి ఆ కార్ల మీద నమ్మకం పోయింది. 2003లో ఏ పాళ్లలో పోసినా నడిచే ఫ్లెక్స్ ఇంజన్లు వచ్చాకే అది తిరిగొచ్చింది. అక్కడ మామూలు పెట్రోలులో 2015 నుంచి 27 శాతం, 2025 ఆగస్టు నుంచి 30 శాతం ఇథనాల్. అక్కడి డ్రైవర్లు ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపు ఉంటేనే ఇథనాల్ పోయించుకుంటారు. ఎంత శక్తి వస్తే అంత ధర అన్నది వాళ్లకు నోటి లెక్క.

ఆ లెక్కన మన దగ్గర ఈ20 ధర ఈ10 కన్నా లీటరుకు మూడున్నర రూపాయలకు పైగా తగ్గాలి. 2021 నివేదిక కూడా శక్తి తగ్గినందుకు పరిహారంగా చిల్లర ధర తక్కువ ఉండాలని సూచించింది. అప్పట్లో ఇథనాల్ పెట్రోలు కన్నా చవకని, ఇప్పుడు రవాణా, జీఎస్టీ కలిపి లీటరు సగటున 71.32 రూపాయలకు కొంటున్నామని, అందుకే తగ్గించలేకపోయామని 2025లో పెట్రోలియం శాఖ జవాబిచ్చింది. రైతుకు గిట్టుబాటు ధర ఇవ్వడం సబబే. కానీ మైలేజీ తగ్గినప్పుడు అదే దూరానికి మనం ఎక్కువ లీటర్లు కొంటాం. ప్రతి లీటరు మీదా కేంద్రం ఎక్సైజ్ సుంకం, రాష్ట్రం వ్యాట్ వేస్తాయి. అంటే మనం తిరిగే కిలోమీటరుకు కట్టే పన్ను మూడున్నర శాతం పెరిగింది. కనీసం ఆ పెరిగిన పన్నునైనా ధరలో వెనక్కి ఇవ్వడానికి ఇథనాల్ కొనుగోలు ధర అడ్డు రాదు. 27 శాతం దాకా పెంచాలన్న చర్చ ఇప్పటికే నడుస్తోంది. ఆ నిర్ణయానికి ముందే ఈ లెక్క సరిచేయాలి, పంపు మీద ఎంత శాతమో తెలుగులో రాయాలి.